వెయ్యోవంతు

ఫిబ్రవరి 9

చెల్లి ఫోన్ చేసింది. ఇవాళ దుకాణంలో పదకొండు కర్టెన్లు తనే కత్తిరించిందట. రొమ్ము క్యాన్సరు ఆపరేషన్ తర్వాత ఆడ హార్మోను ఆపే మాత్ర మొదలుపెట్టినప్పటినుంచీ కత్తెర పడితే వేళ్ళు బిగుసుకుపోయేవి. గుడ్డ మీద గీత గీసి పక్కవాళ్ళ చేతికిచ్చేది. "నా చేతులు నాకు తిరిగొచ్చాయక్కా" అంది. ఒంట్లోంచి ఉన్నట్టుండి ఆవిర్లు రావడం, జాకెట్టంతా తడిసిపోవడం కూడా తగ్గిందట. మూడు వారాలకే.

నాకు గర్వంగా ఉంది. ఎందుకుండదు? ఆ సీసా ఇచ్చింది నేనే కదా.

సోయా గింజల సారం. మా ల్యాబుకొచ్చిన సీసాల్లో, పరీక్షకి తీసిపెట్టగా మిగిలినవి. మిగిలినవి నాశనం చేయాలని నియమం. పారేసేవే కదా అని మూడు బ్యాగులో వేసుకొచ్చి, ఒకటి దానికిచ్చాను.

ఇచ్చిన రోజు అది భయపడింది. "నాది ఆడ హార్మోను తిని పెరిగే జబ్బు. ఇందులోనూ అదే ఉందంటావేమిటి?" అంది. కూర్చోబెట్టి చెప్పాను. మొక్కది చూడటానికి మన ఒంటి హార్మోనులాగే ఉంటుంది, అది కూర్చునే పీట మీదే ఇదీ కూర్చుంటుంది. కానీ మనది కూర్చుందంటే పని ముగిసేదాకా లేవదు. మొక్కది గుమ్మంలో చెప్పులు కూడా విడవకుండా వెళ్ళిపోయే చుట్టం. బలం వెయ్యోవంతు కూడా ఉండదు. పోయినేడు వాళ్ళ మొదటి విడత సరుకు పరీక్ష చేసింది నేనే, ఈ చేతుల్తో.

డాక్టరమ్మకి చెప్పాలా అని అడిగింది. వంటలో సోయా తింటే ఫర్వాలేదు, గోలీ రూపంలో ఏదైనా సరే తనకు చెప్పకుండా వద్దు అని ఆవిడ మొదట్లోనే అంది. నేనే అక్కర్లేదన్నాను. ప్రతిదీ చెబితే ప్రతిదీ వద్దంటారన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం.

ఫిబ్రవరి 12

ఇవాళ ప్లేటు తప్పొచ్చింది.

అదే కంపెనీ సరుకు, పోయిన నెల వచ్చిన కొత్త విడత. ఎప్పటిలాగే ప్లేటులోని తొంభై ఆరు గుంటల్లో హార్మోను తగిలితే వెలిగే కణాలు పోసి, పై వరసల్లో ఒంటి హార్మోను, కింది వరసల్లో మొక్క సారం వేసి ఉంచాను. ఎప్పుడూ ఏమవుతుందంటే, ఒంటి హార్మోను చుక్కలో చుక్క ఉన్నా గుంట వెలుగుతుంది. మొక్కది ఆ మాత్రం వెలగాలంటే దానికి వెయ్యిరెట్లు పైన పోయాలి. తెర మీద రెండు గీతలూ దూరం దూరంగా ఉంటాయి, మాటల్లేని తోడికోడళ్ళలాగ.

ఇవాళ రెండూ ఒకదాని మీద ఒకటి పడుకున్నాయి.

నాదే పొరపాటు. చుక్కలు వేసే పిపెట్ చివర మార్చకుండా పై వరసలోది కింది వరసలోకి లాగి ఉంటాను. ఇరవై రెండేళ్ళ ఉద్యోగంలో ఒక్కసారి కూడా అలా చేయలేదు, కాబట్టి ఎప్పుడో ఒకప్పుడు చేయాలి కదా.

మా మేడమ్‌కి చెప్పాను. మళ్ళీ చేయమంది.

ఫిబ్రవరి 13

చెల్లి ఫోన్ చేసింది. చేతికి గ్లవ్స్ ఉన్నాయి, ఎత్తలేదు.

ఫిబ్రవరి 16

మళ్ళీ చేశాను. కొత్త కణాలు, కొత్త పెట్టెలోంచి చివరలు. ఒక్కో వరసకీ ఆగి ఊపిరి పీల్చుకుని మరీ పోశాను. ఈసారి మొక్క సారాన్ని వెయ్యిరెట్లు పలచన చేసిన వరస కూడా పెట్టాను. నిజంగా మొక్కదే అయితే ఆ వరస చీకటిగా ఉండాలి.

వెలిగింది.

మేడమ్ తెర దగ్గరకి వంగి చాలాసేపు చూసింది. మొక్కకి ఇంత బలం ఎక్కడిదని అడిగింది. సరుకుని అణువుల బరువులు తూచే యంత్రం గదికి పంపుదాం, అందులో ఏమేం ఉన్నాయో విడివిడిగా తేలుతుంది, అది వచ్చేదాకా బయట ఎవరికీ ఒక్క ముక్క చెప్పొద్దంది.

సరేనన్నాను. ఎవరికీ అంటే ఎవరికీ అనే కదా. ఆవిడ మాట కాదనలేను.

చెల్లి సీసా మీద విడత నంబరు చూడలేదు. వేరేదై ఉంటుంది. చాలావరకు వేరేదే అయి ఉంటుంది.

ఫిబ్రవరి 17

మధ్యాహ్నం సెలవు పెట్టి చెల్లి ఇంటికి వెళ్ళాను. అది దుకాణంలో, మరిది ఆఫీసులో. తాళంచెవి నా దగ్గర ఒకటి ఎప్పుడూ ఉంటుంది.

సీసా వంటింటి అరలో, ఉప్పు డబ్బా పక్కనే ఉంది. తిప్పి చూశాను. అదే నంబరు.

బల్ల మీద పాత కాగితం పరిచి ముప్పై ఒక్క క్యాప్సూళ్ళూ పోశాను. ఒక్కొక్కటీ రెండుగా లాగి, లోపలి గోధుమరంగు పొడి కాగితంలోకి దులిపి, వాళ్ళ డబ్బాలోంచే మొక్కజొన్న పిండి నింపాను. పిండి తెల్లగా కనపడుతుందేమోనని కాస్త కాఫీపొడి కలిపాను. నా చేతులకి ఇది కొత్త పని కాదు. గంటా పది నిమిషాలు పట్టింది. మధ్యలో ఎదురింటావిడ తలుపు కొట్టింది. చప్పుడు చేయకుండా కూర్చున్నాను, నా చెల్లెలి ఇంట్లో నేను దొంగలాగ. ఆవిడ వెళ్ళిపోయింది.

ఆ పొడి పొట్లం కట్టి తెచ్చి ల్యాబులో కాల్చే డబ్బాలో వేశాను.

ఇప్పుడు దాని ఒంట్లోకి ఏమీ వెళ్ళదు. అదే కదా కావలసింది. యంత్రం గదినుంచి ఏమీ లేదని వస్తే దాన్ని ఊరికే బెంబేలెత్తించినదాన్నవుతాను. ఉందని వస్తే అప్పుడు నెమ్మదిగా, డాక్టరమ్మ ముందర, సరైన మాటల్లో చెప్పొచ్చు. దానికి భయం ఎక్కువ. అమ్మ సంగతీ నేనే చూసుకున్నాను. ఇదీ చూసుకుంటాను.

ఫిబ్రవరి 18

రేపు చెబుతాను.

ఫిబ్రవరి 20

యంత్రం గదిలో వరస ఉందట. సోమవారం అన్నారు. సోమవారం చెబుతాను.

ఫిబ్రవరి 23

యంత్రం గదిలో పనిచేసే ఆయన్ని మేమందరం సైలెన్సర్ అంటాం. రోజుకి పది మాటలు మాట్లాడితే ఎక్కువ. ఇవాళ తనే నా బల్ల దగ్గరికి వచ్చి కాగితం పెట్టి, "ఇది మొక్కది కాదు" అన్నాడు. మూడు మాటలు.

కాగితం మీది గీతలో మొక్క సారం ఉండాల్సిన చోట చిన్న చిన్న గుట్టలు. వాటి పక్కన కొండలాగ ఇంకొకటి, సరిగ్గా ఒంటి హార్మోను నిలబడే చోట. ఎవరో కలిపారు. నెలసరి ఆగిపోయినవాళ్ళకి డాక్టర్లు ఇచ్చే మాత్రలో ఎంత ఉంటుందో, ఒక్కో క్యాప్సూల్లో ఇంచుమించు అంత ఉంది.

అందుకే చెల్లి చేతులు తిరిగొచ్చాయి.

దాని మాత్ర ఒంట్లో హార్మోను తయారుకాకుండా ఆపుతోంది. ముప్పై రోజులపాటు నేను బయటినుంచి పోశాను.

మేడమ్ తలుపేసుకుని ఫోన్లు చేస్తోంది. మందుల తనిఖీవాళ్ళకి తెలియజేయాలి, కంపెనీకి రాయాలి. ఇవాళ ఆవిడని కదపడం బాగుండదు. ఎలాగూ చెల్లి వేసుకునేది ఇప్పుడు పిండే.

ఫిబ్రవరి 24

చెల్లి ఫోన్. మళ్ళీ మొదలైందట. నిన్న దుకాణంలో ఎవరికో కొలతలు చూపిస్తుండగా ముఖం మీద చెమట ధారలు కట్టి, ఆవిడ కుర్చీ లాగి కూర్చోబెట్టిందట. వేళ్ళు కూడా. గొంతులో ఏడుపు ఉంది.

అప్పుడప్పుడు అలా అవుతుందన్నాను.

"రోజుకి రెండేసి వేసుకోనా అక్కా?"

పిండే కదా. వద్దంటే ఎందుకని అడుగుతుంది. వేసుకో అన్నాను.

మార్చి 1

ఫోన్లో చెల్లి గొంతు కాస్త తేలిగ్గా ఉంది. అలవాటు పడుతున్నట్టుంది. మనసుకి మందు వేసుకుంటున్నామన్న ధైర్యం ఉంటే సగం జబ్బు తగ్గుతుంది, అందరూ అనేదే.

ఈ ఆదివారం వెళ్ళడం కుదరలేదు. బట్టలు చాలా ఉన్నాయి.

మార్చి 4

దుకాణాల్లోంచి సీసాలు వెనక్కి తెప్పించడానికి ఉత్తర్వు వస్తుందట, ఇంకో వారం పడుతుందట. మేడమ్ చెప్పింది. బయటకి రాకముందే చెల్లికి చెప్పాలి. డాక్టరమ్మ దగ్గర తేదీ తీసుకున్నాక చెబుతాను.

తేదీ తీసుకోలేదు.

మార్చి 6

ఇవాళ వెళ్ళాను. తలుపు తీసిన మనిషిని చూసి నిలబడిపోయాను. బుగ్గలు నిండాయి, కళ్ళ కింద నలుపు పోయింది. కుట్టుమిషను ముందు పరదాల గుట్ట.

"రెండేసి వేసుకోమని మంచి మాట చెప్పావు" అంది. వారం తిరిగేసరికి మళ్ళీ మామూలైపోయిందట.

పిండితోనా? అరక్షణం నిజంగా సంతోషపడ్డాను. రాసుకోవాలి ఇది కూడా. అరక్షణం నేను నమ్మాను.

తర్వాత వంటింట్లోకి వెళ్ళాను. అరలో పెద్ద సీసా ఉంది, కొత్తది. వెనకాలే వచ్చి చెప్పింది, నువ్విచ్చిన వాటికి తేమ పట్టినట్టుంది, పని చేయడం మానేశాయి, నీకు చెబితే నొచ్చుకుంటావని ఇరవై అయిదో తారీకున తనే షాపులో కొని తెచ్చుకున్నానని. ఆ రోజునుంచి రోజుకి రెండు.

నంబరు చూశాను. అదే విడత.

సీసా చేతిలో పెట్టుకుని అక్కడే చెప్పాను. సరైన మాటలేవీ రాలేదు. ఇందులో ఉన్నది మొక్కది కాదు, మన ఒంట్లోదే, ఎవరో కలిపారు, ఇక ఒక్కటి కూడా వేసుకోకు అన్నాను. చెల్లి గిన్నెలు పెట్టే బల్ల పట్టుకుంది. తెల్లగా పాలిపోయింది. మరిది లోపలి గదిలోంచి వచ్చి ఏమైందని ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు.

"అంటే నేను దానికి తిండి పెట్టానా?" అంది చెల్లి.

నేను పెట్టానని అనాలి. అనలేదు.

"నీకు ఎప్పుడు తెలిసింది?"

"నిన్న" అన్నాను.

మార్చి 7

నిన్న అన్నాను.

మార్చి 9

డాక్టరమ్మ దగ్గరికి ముగ్గురం వెళ్ళాం. ఆవిడకి ల్యాబు రిపోర్టు కావాలంటే మేడమ్‌ని అడిగి నకలు తీసుకెళ్ళాను. మూడు పేజీలు. రెండో పేజీలో ఏం కలిసిందో, ఎంత కలిసిందో ఉంది, ఆవిడకి అది చాలు. బస్సులో మొదటి పేజీ విడదీసి బ్యాగులో పెట్టుకున్నాను. దిగేముందు మళ్ళీ కలిపాను. మళ్ళీ తీశాను. ఆవిడ చేయి చాచినప్పుడు మూడూ ఇచ్చేశాను.

ఆవిడ నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. ఎన్ని రోజులు, రోజుకి ఎన్ని అని అడుగుతూ రాసుకుంది. చెల్లి యాభై రోజులకి లెక్క చెప్పింది. అందులో కొన్ని రోజులు తప్పని నాకొక్కదానికే తెలుసు. రక్తపరీక్ష ఇవాళే, స్కాన్లు వచ్చే వారం. ఈ కొద్ది రోజుల్లో ఏమైనా అయిందా అంటే కాకపోయి ఉండవచ్చు, చూడకుండా ఏమీ చెప్పలేనంది. కాగితాలు చెల్లి చేతికిచ్చింది.

వరండాలో రక్తం తీసే గది ముందు కూర్చున్నాం. మరిది చీటీ కట్టించడానికి వెళ్ళాడు. చెల్లి మొదటి పేజీ చదువుతోంది. పరీక్ష మొదలైన తేదీ ఆ పేజీలోనే ఉంటుంది. వేలు ఆ గీత కింద పెట్టి ఆగింది.

"ఫిబ్రవరి పన్నెండు" అంది.

నేను నేల వైపు చూశాను.

"ఇరవై రెండు రోజులక్కా." గొంతు పెంచలేదు. "ఇరవై నాలుగున నేను ఏడుస్తూ ఫోన్ చేశాను. రెండేసి వేసుకోనా అంటే వేసుకో అన్నావు."

అప్పుడు చెప్పేశాను, పిండి సంగతి. కాగితం పరిచింది, కాఫీపొడి కలిపింది, ఎదురింటావిడ తలుపు కొడితే కదలకుండా కూర్చున్నది, అన్నీ. నీ ఒంట్లోకి అది వెళ్ళకూడదనే చేశానన్నాను. నిన్ను భయపెట్టకూడదని అన్నాను. ప్లేటు తప్పేమో అనుకున్నాను అన్నాను.

"అనుకున్నావా?"

పక్కన కూర్చున్న ముసలాయన మా వైపు చూడకుండా చూస్తున్నాడు.

"లేదు. చూసిన రోజే తెలుసు" అన్నాను. అలా అన్నాకనే నాకు కూడా తెలిసింది.

చెల్లి కాగితాలు మడిచింది. "అమ్మకి కడుపునొప్పి, రెండు రోజుల్లో ఇంటికొస్తుంది, నువ్వు పరీక్షలు రాసుకో అన్నావు. నాకప్పుడు పన్నెండేళ్ళు. రాశాను. లెక్కల పరీక్షకి నూటికి తొంభై నాలుగు వచ్చాయి. ఆ మార్కులు ఎవరికి చూపించాలో చెప్పు" అంది.

ముప్పై ఏళ్ళలో ఒక్కసారి కూడా ఆ మాట ఎత్తలేదు. మర్చిపోయిందనుకున్నాను.

లోపలినుంచి పిలిచారు. లేచాను. "నువ్వు రావద్దు" అని తనే వెళ్ళింది.

మార్చి 10

మరిది ఫోన్ చేశాడు. మంచి మనిషి, మాట కటువుగా రాదు. "వదినా, కొన్నాళ్ళు రాకండి. తనే పిలుస్తుంది" అన్నాడు. తాళంచెవి పంపించమని అడగలేకపోయాడు. నేనే సంచిలో పెట్టి, దుకాణం పక్క షాపులో ఇచ్చి వచ్చాను.

మార్చి 12

మేడమ్‌కి అంతా చెప్పాను. సీసాలు బయటికి తీసుకెళ్ళిన సంగతి కూడా. ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. రాసివ్వమంది. రాసిచ్చాను. విచారణ అయ్యేదాకా ప్లేట్లు ముట్టుకోకూడదు, పాత రికార్డుల గదిలో కూర్చోవాలి. ఆ గది తలుపు దగ్గర సైలెన్సర్ నన్ను ఆపి, "మొదటిసారే సరిగ్గా చేశారు" అన్నాడు. ఓదార్పుకే అన్నాడు పాపం. ఆ మాటే నన్ను కూలదోసింది.

మార్చి 14

రక్తపరీక్ష వచ్చిందని మరిది రెండు ముక్కలు పంపాడు. ఒంట్లో హార్మోను ఆ మాత్ర వేసుకునేవాళ్ళకి ఉండకూడనంత ఉందట. స్కాను పందొమ్మిదిన.

ఈ మధ్యలో అయిదు రోజులున్నాయి.

మార్చి 15

నాలుగు.

మార్చి 17

వార్త వచ్చింది, సీసాలు వెనక్కి తీసుకుంటున్నారని. రికార్డుల గదిలో అందరూ చదివారు. ఎంతమంది వేసుకున్నారో లెక్క లేదట. వాళ్ళలో ఎంతమందికి చెల్లి జబ్బు ఉందో. చెల్లి చెప్పిన ఆ ఇరవై రెండు రోజుల్లో పదకొండు మేడమ్‌వీ యంత్రానివీ, అవి తప్పవు. మిగతావి నావి. ఇన్నాళ్ళూ అలాగే లెక్కేసుకున్నాను.

అదీ సరికాదు. మొదటి పదకొండూ కూడా చెల్లి విషయంలో నావే. దానికి చెప్పడానికి ఏ యంత్రమూ అక్కర్లేదు.

మార్చి 19

ఏ కబురూ లేదు.

మార్చి 20

స్కాన్లలో ఏమీ కనపడలేదు. మరిది పంపాడు. "ప్రస్తుతానికి" అని ఉంది చివర్లో. ఆ ఒక్క మాట చెల్లే చేర్చమని ఉంటుంది.



ఏప్రిల్ 2

విచారణ అయింది. ఉద్యోగం ఉంచారు, రికార్డుల గదిలోనే. అడగడానికి నోరు రాలేదు ఎన్నాళ్ళని.

చెల్లికి రోజూ ఉదయం ఫోన్ తీస్తాను, పెట్టేస్తాను. ఏం చెప్పాలో తెలియక కాదు. ఇన్నాళ్ళూ నేను చెప్పడమే, అది వినడమే.

ఏప్రిల్ 21

చెల్లి ఫోన్ చేసింది. నలభై మూడు రోజులకి.

డాక్టరమ్మ మాత్ర మార్చిందట. అదే పని చేస్తుంది కానీ వేరే రకం, కీళ్ళ మీద కాస్త దయ చూపిస్తుందేమో చూద్దామందట. "నిన్ను అడగడానికి చేయలేదు. చెప్పడానికి చేశాను" అంది. సరేనన్నాను.

నొప్పి ఎలా ఉందని అడిగాను. బాగానే ఉందంటుందనుకున్నాను, నా చెల్లెలు కదా.

"బాలేదు. పొద్దున హుక్కులు పెట్టుకోలేక ఏడ్చాను."

నా దగ్గర చెప్పడానికి చాలా ఉన్నాయి. ఎన్ని వారాల్లో తగ్గుతుందో, ఎంతమందిలో తగ్గిందో. నోటిదాకా వచ్చాయి.

"తగ్గుతుందో లేదో నాకు తెలియదు" అన్నాను.

జూన్ ఎనిమిదిన మళ్ళీ రక్తపరీక్షకి, స్కానుకి వెళ్ళాలి, ఫలితాలు పదకొండున చెబుతారు, ఆ రోజు కావాలంటే రావచ్చు అంది. "లోపలికి నేనొక్కదాన్నే వెళ్తాను. మీరిద్దరూ బయటే."

జూన్ 11

బయట కూర్చున్నాం, మరిదీ నేనూ. తలుపు మీద చెక్క పెచ్చు ఊడిన చోట రంగు వేశారు, సరిగ్గా కలవలేదు. దాన్నే చూస్తూ కూర్చున్నాను. లోపలినుంచి మాటలు వినపడుతున్నాయి, ఏ మాటో తెలియదు. ఒకసారి డాక్టరమ్మ గొంతు తగ్గింది. ఎందుకు తగ్గింది? ఒకసారి కుర్చీ జరిగింది. మరిది నీళ్ళ సీసా మూత తీశాడు, పెట్టాడు, తాగలేదు. గోడ గడియారం చూస్తే పద్దెనిమిది నిమిషాలైంది. తలుపు అవతల మనిషికి తెలుసు, ఇవతల మనకి తెలియదు. లేచి తలుపు తోసుకుని వెళ్దామనిపించింది. కూర్చున్నాను.

ఇరవై మూడు నిమిషాలు.

తలుపు పిడి తిరిగింది. చెల్లి బయటికి అడుగు పెట్టింది, ఒక చేయి ఇంకా తలుపు మీదే ఉంది.

"హార్మోను పూర్తిగా దిగిపోయింది" అంది మమ్మల్ని చూడగానే. "స్కానులో ఏమీ లేదు. కానీ ఎప్పటికీ రాదని చెప్పలేనంది. ఆ రెండు నెలల వల్ల ఏమైనా అవుతుందా అని అడిగాను, తెలియదంది. ఏడాదిదాకా మూడు నెలలకోసారి రావాలి."

మంచీ చెడూ ఒక్క ఊపిరిలో చెప్పేసింది. మరిది ముఖానికి చేతులు అడ్డం పెట్టుకున్నాడు. చెల్లి నా వైపు చూసింది, విన్నావా అన్నట్టు. విన్నానని తలూపాను.

దాని వెనక తలుపు ఇంకా పూర్తిగా మూసుకోలేదు.